వడ్డీ లేకుంటే చాలదు, ఆగే ఓపిక ఉండాలి: కష్టకాలంలో చిన్న అంగళ్లు, ఖర్జె హసనా

2025 ఫిబ్రవరిలో పక్క రాష్ట్రం కర్నాటక మైక్రో ఫైనాన్స్ వసూళ్ల మీద ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పు కట్టలేని వాళ్లను బెదిరించడం, వేధించడం, బలవంతంగా వసూలు చేయడం నేరమని అందులో చెప్పారు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వాళ్లకు ఇది దూరపు వార్తేమీ కాదు. బళ్లారి, రాయచూరు మన చిన్న వ్యాపారులు వచ్చిపోయే ఊళ్లే. అంతకు నాలుగు నెలల ముందు, 2024 అక్టోబర్‌లో, రిజర్వ్ బ్యాంకు నాలుగు ఫైనాన్స్ కంపెనీలను కొత్త అప్పులు ఇవ్వకుండా ఆపింది. వడ్డీ మరీ ఎక్కువగా వేస్తున్నారన్నది అందుకు ముఖ్యమైన కారణం. కొన్ని నెలల తర్వాత ఆ ఆంక్షలు ఎత్తేశారు.

ఈ కథ మన రాష్ట్రంలో ముందే జరిగింది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారం వారం కంతుల వసూళ్లు, వాటి వెనక ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు వచ్చాక అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. వారం కంతులు పోయి నెల కంతులు వచ్చాయి, కట్టే వడ్డీ అసలును మించకూడదన్నారు, కంపెనీలు రిజిస్టర్ కావాలన్నారు. కంపెనీల వసూళ్లు కుప్పకూలాయి, కొత్త అప్పులు ఆగిపోయాయి. అయితే అప్పు అవసరం మాత్రం ఆగలేదు. కంపెనీ వెళ్లిపోయిన వీధిలోకి పాత వడ్డీ వ్యాపారి మళ్లీ వచ్చాడు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది.

ఈ పదిహేనేళ్లలో ఒక్క విషయం తేలిపోయింది. చెడ్డ అప్పును చట్టం ఆపగలదు గానీ దాని స్థానంలో మంచి అప్పును పుట్టించలేదు. ఆ పని ఎవరో ఒకరు చేయాలి. వడ్డీ హరామ్ అని ప్రతి జుమాలో వినే మన కుటుంబాలకు ఈ ప్రశ్న ఇంకా దగ్గరిది. వడ్డీ వద్దు అన్నాం, సరే. మరి అంగట్లో సరుకు అయిపోయిన రోజు పదివేలు ఎవరిస్తారు?

రోజుకు వంద రూపాయల లెక్క

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో సుమారు ప్రతి ఆరుగురిలో ఒకరు ముస్లింలు. వీళ్లలో పొలం ఉన్నవాళ్లు ఉన్నారు, ఉద్యోగస్తులు ఉన్నారు. కానీ పట్టణాల్లో చాలా ఇళ్లు చేతిపని మీద, చిన్న అంగడి మీద నడుస్తాయి. పంక్చర్ షాపు, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, మటన్ అంగడి, బేకరీ, టైలరింగ్, పరుపుల పని, ఆటో, ఇంట్లో కూర్చుని మగ్గం వర్క్ చేసే ఆపాలు. వీటిలో చాలావాటి పెట్టుబడి పది, ఇరవై వేలు దాటదు. అది తిరుగుతున్నంత కాలం ఇల్లు గడుస్తుంది. తిరగడం ఆగితే మూడో వారానికి అప్పు.

ఆ అప్పు ఎట్లా ఉంటుందో అందరికీ తెలిసిందే, అయినా ఒకసారి కాగితం మీద చూద్దాం. డైలీ ఫైనాన్స్ వాడు పదివేలు రాసుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల చిల్లరకు వెయ్యి రూపాయలు. ఏడాదికి లెక్క వేస్తే సుమారు 80 శాతం. నూటికి మూడు రూపాయల వడ్డీ అనే మాట మనకు చాలా ఎక్కువగా వినిపిస్తుంది, అది ఏడాదికి 36 శాతం. బండి మీద పండ్లు అమ్మేవాడు దానికి రెట్టింపు కంటే ఎక్కువే కడుతున్నాడు.

మామూలు రోజుల్లో ఎట్లాగో ఈ లెక్క నడిచిపోతుంది. రోజూ బేరం ఉంటుంది, రోజూ వంద తీసి పక్కన పెడతారు. కష్టం వచ్చినప్పుడే దాని అసలు రూపం బయటపడుతుంది.

వరద ఒకసారి, లాక్‌డౌన్ ఒకసారి

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి కర్నూలు మీదకు వచ్చాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చిన రోజులవి, ఆ డ్యాం తట్టుకునే లెక్క కంటే చాలా ఎక్కువ. కర్నూలు పాత నగరంలో చాలా భాగం మునిగింది. వరద వచ్చినప్పుడు ఇల్లు, అంగడి రెండూ పోతాయి, కానీ అంగడి పోవడం వేరే రకం. కుట్టు మిషను బురదలో కూరుకుపోతుంది. తెచ్చిన బట్టల మూటలు కుళ్లిపోతాయి. అన్నింటికంటే ముఖ్యం, ఉద్దర ఖాతా పుస్తకం పోతుంది. ఎవరు ఎంత ఇవ్వాలో రాసుకున్న ఆ పుస్తకమే చిన్న వ్యాపారి ఆస్తి. కానీ తాను ఎవరికి ఇవ్వాలో ఆ లెక్క మాత్రం ఎక్కడికీ పోదు. అది అప్పిచ్చినవాడి పుస్తకంలో భద్రంగా ఉంటుంది.

2020 దెబ్బ ఇంకో రకం. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ చివరికి రాష్ట్రంలో ఎక్కువ కరోనా కేసులు కర్నూలు జిల్లాలోనే. ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది, మే 25న ఈద్. బట్టలు, గాజులు, చెప్పులు, అత్తరు, సేమియా, టైలరింగ్ చేసేవాళ్లకు రంజాన్ నెల అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఏడాది బేరంలో పెద్ద వాటా ఆ నెలదే. చాలామంది ఫిబ్రవరి, మార్చిల్లోనే అప్పు చేసి సరుకు దించుకుంటారు. ఆ ఏడాది సరుకు మూటల్లోనే ఉండిపోయింది, సీజన్ వెళ్లిపోయింది. ఈసారి సరుకు పాడవలేదు, కాలం పాడైంది.

2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. కరువు సీమ అని పేరు. పన్నెండేళ్లలో రెండు పెద్ద వరదలు చూశాం. వర్షం లేక ఒక ఏడాది, ఎక్కువై ఇంకో ఏడాది. రైతు చేతిలో దుడ్లు లేకపోతే ఆదోనిలో, ప్రొద్దుటూరులో, నంద్యాలలో అంగళ్లకు బేరం ఉండదు. అంటే పొలం లేని మన చిన్న వ్యాపారి కూడా వాన మీదే బతుకుతున్నాడు.

కాబట్టి ఇక్కడ కష్టకాలం అనేది ఎప్పుడో ఒకసారి వచ్చేది కాదు. అది వస్తుందని తెలిసే అప్పు ఇవ్వాలి, తెలిసే తీసుకోవాలి.

మారటోరియం చెప్పిన పాఠం

లాక్‌డౌన్‌లో ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలలు కంతులు వాయిదా వేసుకోవచ్చంది. తర్వాత దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ కంతు ఆగింది గానీ వడ్డీ ఆగలేదు.

ముప్పై వేల అప్పు, ఏడాదికి 24 శాతం వడ్డీ అనుకుందాం. ఆరు నెలలు ఏమీ కట్టకపోతే 3,600 రూపాయలు పెరుగుతుంది. అంగడి మూసి ఉన్న ఆరు నెలలకు ఆ 3,600 కట్టాలి. వడ్డీ మీద వడ్డీ వేయడం గురించి గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 మార్చి 23న కోర్టు వడ్డీ మీద వడ్డీ వేయొద్దంది. మొత్తం వడ్డీ మాఫీ చేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. బ్యాంకు కూడా డిపాజిటర్లకు వడ్డీ కట్టాలి కదా అన్నది వాదన. ఆ పద్ధతిలో ఆ వాదన సరైనదే. వడ్డీ మీద నిలబడ్డ సంస్థ ఎంత మంచిదైనా కాలాన్ని ఆపలేదు. కాలం నడిచినంత సేపూ మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

వీధి వ్యాపారులకు కొత్త పథకాలు కూడా వచ్చాయి. 2020 జూన్ 1న కేంద్రం స్వనిధి పథకం మొదలుపెట్టింది, పదివేల అప్పు, 7 శాతం వడ్డీ రాయితీ. నవంబర్ 25న రాష్ట్ర ప్రభుత్వం జగనన్న తోడు తెచ్చింది, పదివేలకు వడ్డీ భారం ప్రభుత్వానిది. రెండూ బండి వ్యాపారులకు పనికొచ్చినవే. అయితే రెండు సంగతులు గమనించాలి. ఒకటి, అంగడి మూతపడింది మార్చిలో, డబ్బు వచ్చింది నెలల తర్వాత. రెండు, కాగితం మీద వడ్డీ ఉంది, దాన్ని వేరేవాళ్లు కడతారంతే. వడ్డీ ఒప్పందమే వద్దనుకునే కుటుంబాలు అందుకే వెనకాడతాయి. వాళ్లు వెనకాడి ఎక్కడికి వెళ్తున్నారు? చాలాసార్లు డైలీ ఫైనాన్స్ దగ్గరికే. చిన్న వడ్డీకి భయపడి పెద్ద వడ్డీలో పడటం మన మొహల్లాల్లో రోజూ జరిగేదే.

ఖర్జె హసనాలో తేడా ఇక్కడే ఉంది. పదిహేను వేలు, పది కంతులు, కంతుకు 1,500. నాలుగు కట్టాక లాక్‌డౌన్ వచ్చిందనుకోండి. మిగిలింది 9,000. ఆరు నెలలు ఆగి మళ్లీ మొదలుపెట్టినా కట్టాల్సింది 9,000 మాత్రమే. సూరా బఖరా 280వ ఆయత్ చెప్పేది ఇదే నియమం. అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా ఆగాలి, వదిలేస్తే ఇంకా మంచిది. మనం వడ్డీ హరామ్ అన్న మాటను గుర్తుపెట్టుకున్నంతగా ఆగడం గురించిన ఈ మాటను గుర్తుపెట్టుకోం. కష్టకాలంలో చిన్న వ్యాపారిని బతికించేది ఈ రెండో మాటే.

హైదరాబాద్ నుంచి లాహోర్ దాకా

ఇది కొత్త ఆలోచన కాదు, బయటి నుంచి తెచ్చుకున్నదీ కాదు. నిజాం కాలంలోనే హైదరాబాద్‌లో ఉద్యోగులు కలిసి వడ్డీ లేని పరపతి సంఘాలు నడిపారు. హైదరాబాద్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1955లో దీని మీద ఒక వ్యాసమే రాశారు. ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనకు, ఆచరణకు హైదరాబాద్ ఇచ్చింది ఏమిటన్నది ఆయన విషయం. స్వాతంత్ర్యం తర్వాత ఉత్తరప్రదేశ్‌లో 1961లో దేవబంద్‌లో ముస్లిం ఫండ్, 1971లో నజీబాబాద్‌లో ఇంకొకటి మొదలయ్యాయి. హైదరాబాద్‌లో తూర్ బైతుల్ మాల్ 1966 నుంచి ఉంది.

ఈ పాత సంస్థల పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. జనం చిన్న మొత్తాలు దాచుకుంటారు, దాని మీద లాభం అడగరు. ఆ డబ్బులోంచి నగ కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పు ఇస్తారు. ఆఫీసు ఖర్చుకు కొద్దిగా సర్వీస్ చార్జీ తీసుకుంటారు. ఈ చార్జీ గురించి చాలామందికి సందేహం. ప్రపంచ స్థాయి ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో చెప్పిన నియమం స్పష్టంగా ఉంది. నిజంగా అయిన ఖర్చు మేరకే తీసుకోవచ్చు, అంతకు మించితే అది రిబా. అంటే అప్పు పెద్దదైన కొద్దీ, రోజులు గడిచిన కొద్దీ చార్జీ పెరుగుతుంటే అది పేరు మార్చుకున్న వడ్డీయే.

2010లో ఢిల్లీలో సహూలత్ మైక్రోఫైనాన్స్ సొసైటీ ఏర్పడింది. వడ్డీ లేని సహకార పరపతి సంఘాలను వేర్వేరు రాష్ట్రాల్లో నిలబెట్టడం దాని పని. ముంబైలో జన్‌సేవా సహకార పరపతి సంఘం కూడా ఈ దారిలోదే. సభ్యులు వాటాలు కొంటారు, పొదుపు చేస్తారు, అప్పు తీసుకుంటారు. సభ్యుడు కావడానికి మతం అడ్డు కాదు. మన సీమలో కూడా ఇది ముఖ్యమైన సంగతి. ఒకే సంతలో పక్కపక్కన బండ్లు పెట్టుకునే వాళ్లలో ఒకడికి ఇచ్చి ఇంకొకడికి లేదనే సంఘం ఎక్కువ కాలం నిలవదు.

పొరుగు దేశంలో 2001లో డాక్టర్ అంజద్ సాఖిబ్ లాహోర్‌లో అఖువత్ మొదలుపెట్టారు. మొదటి అప్పు పదివేల రూపాయలు. అప్పు మస్జిద్‌లోనే, నలుగురి ముందు ఇస్తారు. నిధి ఎక్కువగా దాతలది. అప్పు తీర్చినవాళ్లలో కొందరు తర్వాత వాళ్లే దాతలవుతారు. 2021లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మస్జిద్ ఖర్చు లేని ఆఫీసు అని, మొహల్లాలో అందరికీ తెలిసిన మనిషి అప్పు ఎగ్గొట్టడానికి సిగ్గుపడతాడని ఆయన పట్టుకున్నారు.

సంస్థకే కష్టం వస్తే?

ఇప్పుడు ఎవరూ చెప్పడానికి ఇష్టపడని భాగం. కష్టకాలంలో అప్పు తీసుకున్నవాళ్లు కట్టలేరు, సరే ఆగుదాం. కానీ అదే వారంలో డబ్బు దాచుకున్నవాళ్లు కూడా వచ్చి నా పొదుపు నాకివ్వండి అంటారు. ఎందుకంటే కష్టం వాళ్లకూ వచ్చింది కదా. లోపలికి వచ్చే డబ్బు ఆగి, బయటికి పోయే డబ్బు పెరిగితే సంస్థ ఎట్లా నిలబడుతుంది?

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక మొహల్లాలో 300 కుటుంబాలు నెలకు వంద చొప్పున దాచుకుంటే నెలకు 30,000, రెండేళ్లలో 7,20,000. అందులో నాలుగో వంతు, అంటే 1,80,000, పక్కన పెట్టి మిగతా 5,40,000 తిప్పుతున్నారు. పదిహేను వేల చొప్పున ఒకేసారి 36 అంగళ్లకు. బాగానే ఉంది. ఇప్పుడు వరద వచ్చింది. 300 కుటుంబాల్లో వంద కుటుంబాలు తమ 2,400 వెనక్కి అడిగాయి. కావాల్సింది 2,40,000. చేతిలో ఉన్నది 1,80,000. మూడో వంతు మంది అడిగితేనే పెట్టె ఖాళీ, ఇంకా అరవై వేలు బాకీ. మునిగిన అంగళ్లకు కొత్తగా ఒక్క రూపాయి ఇవ్వడానికి ఉండదు.

అందుకే మంచి సంస్థ డబ్బును రెండు సంచుల్లో పెట్టుకోవాలి. ఒకటి పొదుపు, అది సభ్యుడిది, అడిగినప్పుడు ఇవ్వాలి. రెండోది దానంగా వచ్చిన మూలధనం, దాన్ని ఎవరూ వెనక్కి అడగరు. ఉస్మానియా తుర్కుల కాలంలో నగదు వక్ఫ్‌లు ఉండేవి, డబ్బునే వక్ఫ్ చేసి తిప్పేవారు. అట్లాంటి మూలధనం ఎంత ఉంటే కష్టకాలంలో అంత ఆగగలం. పై లెక్కలోనే 1,80,000 దానపు నిధి వేరుగా ఉంటే, వరద తర్వాతి వారంలోనే 36 అంగళ్లకు ఐదేసి వేలు చేతిలో పెట్టొచ్చు. కుట్టు మిషను రిపేరు చేయించుకోవడానికి, మొదటి పండ్ల బుట్ట దించుకోవడానికి ఐదు వేలు చాలా పెద్ద మొత్తం.

ఆగడానికి కూడా ఖర్చు ఉంది, దాన్ని ఎవరో ఒకరు ముందే మోయాలి. వడ్డీ సంస్థలో ఆ ఖర్చు అప్పు తీసుకున్నవాడి నెత్తిన పడుతుంది. ఖర్జె హసనాలో దాతలు, స్తోమత ఉన్న సభ్యులు మోయాలి. ఎవరూ మోయకపోతే ఆ సంస్థ మొదటి వరదతోనే మూతపడుతుంది.

ముగ్గురు మనుషులు, మూడు సాయాలు

కష్టం వచ్చినప్పుడు అందరికీ అప్పే ఇవ్వాలనుకోవడం ఇంకో ప్రమాదం. లాక్‌డౌన్‌లో ఒకే వీధిలో మూడు రకాల ఇళ్లు కనిపించాయి.

మొదటిది పొయ్యి వెలగని ఇల్లు. వీళ్లకు అప్పు ఇస్తే అది అన్నానికి అయిపోతుంది, తర్వాత కంతుల భారం మిగులుతుంది. ఇక్కడ కావాల్సింది జకాత్, సదఖా. తిరిగి అడగకూడదు.

రెండోది పాత వడ్డీ అప్పులో మునిగిన ఇల్లు. వీళ్లకు కొత్త అప్పు ఇస్తే అది నేరుగా వడ్డీ వ్యాపారి జేబులోకి వెళ్తుంది. సూరా తౌబా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది రకాల వాళ్లలో అప్పుల పాలైనవాళ్లు కూడా ఉన్నారు. రంజాన్‌లో మనం జకాత్‌ను వంద, రెండు వందల నోట్లుగా పంచేస్తాం. అదే డబ్బుతో మొహల్లాలో ఐదు కుటుంబాలను అప్పు నుంచి పూర్తిగా బయటికి తీసుకురావొచ్చని ఎంతమంది కమిటీల్లో కూర్చుని ఆలోచించాం?

మూడోది అంగడి నిలబడగల ఇల్లు. పని వచ్చు, బేరం వస్తుంది, పెట్టుబడి మాత్రమే పోయింది. ఖర్జె హసనా ఈ ఇంటికోసం. డబ్బు బదులు వస్తువు కూడా ఇవ్వొచ్చు. సంస్థ 12,000 పెట్టి కుట్టు మిషను కొని, ముందే ఒప్పుకున్న లాభంతో 13,200కి అమ్ముతుంది, నెలకు 1,100 చొప్పున పన్నెండు కంతులు. దీన్నే మురాబహా అంటారు. ఆలస్యమైతే ధర పెరగకూడదు, సంస్థ నిజంగా మిషను కొని తన చేతికి తీసుకున్నాకే అమ్మాలి. మిషను లేకుండా కాగితాలు మాత్రమే తిరిగితే అది వడ్డీకి వేసిన ముసుగు.

ఈ మూడు సంచులూ కలిసిపోకూడదు. జకాత్ డబ్బును అప్పుగా తిప్పడం గురించి ఉలమాల్లో చాలామంది ఒప్పుకోరు, అర్హుడి చేతికి సొంతంగా ఇవ్వాలంటారు. కాబట్టి జకాత్ ఖాతా వేరు, ఖర్జ్ ఖాతా వేరు. ఒకే ఆలిమ్, ఒకే అకౌంటెంట్ రెండూ చూసినా, పుస్తకాలు రెండు ఉండాలి.

చట్టం ఎంతవరకు, జాగ్రత్త ఎక్కడ

ఇస్లామిక్ బ్యాంకు పెట్టొచ్చా అంటే, ఇప్పటి బ్యాంకింగ్ చట్టం కింద వీలు లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశం ఇవ్వమంది. 2015లో దీపక్ మొహంతి కమిటీ మామూలు బ్యాంకుల్లోనే అట్లాంటి కౌంటర్ పెట్టొచ్చంది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచనను పక్కన పెట్టేసినట్టు చెప్పింది. బ్యాంకు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే తరాలు గడిచిపోతాయి.

బ్యాంకు కాకపోయినా దారి ఉంది. మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. సభ్యులు తామే సంఘం పెట్టుకుని, తమ పొదుపును తామే అప్పుగా ఇచ్చుకోవచ్చు. వడ్డీ వేయాలని ఎవరూ బలవంతం చేయరు. ఏటా ఆడిట్, ఎన్నికైన బోర్డు, సర్వసభ్య సమావేశం తప్పనిసరి. డ్వాక్రా సంఘాల్లో ఏళ్లుగా లెక్కలు రాస్తున్న మన ఆడవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఇలాంటి సంఘంలో పుస్తకాలు రాయడానికి వాళ్ల కంటే అనుభవం ఎవరికి ఉంది?

కానీ రిజిస్ట్రేషన్ లేకుండా, నలుగురు కలిసి బయటి జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం మాత్రం నేరం. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం చాలా కఠినంగా ఉంది. మంచి ఉద్దేశంతో మస్జిద్ కమిటీలు మొదలుపెట్టిన పని కూడా దీని కిందకు రావొచ్చు. దానం తీసుకోవడం వేరు, తిరిగి ఇస్తామని డబ్బు తీసుకోవడం వేరు.

ఈ జాగ్రత్త ఎందుకో మన కుటుంబాలకు వేరే చెప్పాలా? 2018 అక్టోబర్‌లో హీరా గ్రూప్ అధినేత్రి అరెస్టు, 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ కూలిపోవడం, రెండూ గుర్తున్నాయి. కూతురి పెళ్లికి దాచిన డబ్బు, గల్ఫ్‌లో సంపాదించిన డబ్బు, హలాల్ లాభం అనే మాట నమ్మి పెట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు. కేసులు ఏళ్లుగా నడుస్తున్నాయి. ఆ దెబ్బతో ఇస్లామిక్ అనే పేరు వింటేనే భయపడేవాళ్లు తయారయ్యారు, వాళ్ల తప్పేమీ లేదు.

గుర్తుపట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఖర్జె హసనా సంస్థ మీకు లాభం ఇస్తానని చెప్పదు. నెలకు ఇంత వస్తుందని ఎవరైనా చెప్పారంటే, దానికి ఎంత మంచి అరబీ పేరు ఉన్నా, అది వేరే వ్యాపారం. మీ డబ్బు ఎవరికి అప్పుగా వెళ్లింది, ఎంత తిరిగి వచ్చింది, ఎంత ఆగింది, ఆఫీసు ఖర్చు ఎంత, ఈ నాలుగు అంకెలు ప్రతి నెలా మస్జిద్ నోటీస్ బోర్డు మీద పెట్టలేని సంస్థకు పైసా ఇవ్వనక్కర్లేదు.

తర్వాతి కష్టానికి ముందు

కర్నూలు, కడపల్లో డబ్బు లేక కాదు. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఉంది, రంజాన్‌లో వచ్చే జకాత్ ఉంది, పెళ్లిళ్లలో ఒక్క రాత్రికి ఖర్చయ్యే లక్షలు ఉన్నాయి. వరద వచ్చినప్పుడు, లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన కుర్రాళ్లు రాత్రికి రాత్రి అన్నం వండి పంచిన సంగతి అందరికీ తెలుసు. అన్నం పంచడానికి ఒక రోజు చాలు. అంగడిని నిలబెట్టే నిధికి రెండేళ్లు పడుతుంది, అందుకే అది కష్టం వచ్చాక మొదలుపెట్టే పని కాదు.

ఒక మొహల్లాలో మొదలుపెడితే చాలు. మొదటి ఏడాది పొదుపు మాత్రమే, అప్పు లేదు. రెండో ఏడాది చిన్న అప్పులు, ఐదు నుంచి పదిహేను వేల వరకు. నగ ఉన్నవాళ్లు నగ, లేనివాళ్లకు ఇద్దరు సభ్యుల జామీను. బండి పెట్టే వితంతువుకు, ఇంట్లో కుట్టుపని చేసే ఆపాకు నగ లేదని తలుపు వేస్తే ఆ సంస్థ పెట్టిన ప్రయోజనమే లేదు. దానపు నిధి వేరు, దాన్ని మామూలు రోజుల్లో ముట్టుకోకూడదు. కష్టం వచ్చిందని ఎవరు నిర్ణయిస్తారు, ఎన్ని నెలలు కంతులు ఆపుతారు, ఎవరికి మాఫీ చేస్తారు అన్నది కాగితం మీద ముందే రాసి ఉండాలి. కష్టం మధ్యలో కూర్చుని నిర్ణయిస్తే బోర్డు సభ్యుడి బంధువుకు ఒక న్యాయం, పంక్చర్ షాపు భాయ్‌కి ఇంకో న్యాయం జరుగుతుంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. ఇది లారీ కొనిపెట్టదు, ఫ్యాక్టరీ పెట్టదు. ధరలు పెరిగిన కొద్దీ నిధి విలువ తరుగుతుంది, ఏటా కొత్త దానం చేరకపోతే అది చిన్నదవుతూ పోతుంది. ఎగ్గొట్టేవాళ్లు కూడా ఉంటారు. ఇవన్నీ ఒప్పుకునే మొదలుపెట్టాలి.

మీ మస్జిద్ కమిటీ వచ్చే సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి. రేపు లాక్‌డౌన్ వచ్చినా, తుంగభద్ర పొంగినా, మన మొహల్లాలో ఎన్ని అంగళ్లకు, ఎన్ని రోజుల్లో, ఎంత ఇవ్వగలం? సున్నా అనే జవాబు వస్తే ఆ రోజే ఒక పుస్తకం తెరిచి, మొదటి వంద రూపాయలు అందులో రాయించండి.